వ్యూస్ పడిపోయాయి, కెమెరా ముందు గొంతు పెగలడం లేదు

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే మూడేళ్లుగా ఒక యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాను. రాత్రి ఆకాశంలో ఏ నక్షత్రాన్ని ఎలా గుర్తుపట్టాలి, ఏ గ్రహం ఎప్పుడు ఎక్కడ కనిపిస్తుంది, ఇవే నా విషయాలు. రెండేళ్ల కిందట చంద్రగ్రహణం మీద చేసిన వీడియోను నలభై వేల మంది చూశారు. దానితో సబ్‌స్క్రైబర్లు రెండు వేలు దాటారు. ఆ తర్వాత అంతా దిగజారుతూ వచ్చింది. ఇప్పుడు ఒక్కో వీడియోకు రెండు వందల వ్యూస్ వస్తే గొప్ప. నా తర్వాత మొదలుపెట్టిన స్నేహితురాలు నిమిషంలోపు వీడియోలు చేసి లక్షల్లో వ్యూస్ తెచ్చుకుంటోంది. ఈ మధ్య ఒకాయన ‘ఎవరూ చూడని వీడియోలు ఎందుకు చేస్తారు, మానేయండి’ అని కామెంట్ పెట్టాడు. ఆ రోజు నుంచి కెమెరా ముందు కూర్చుంటే గొంతు పెగలడం లేదు. పోయిన నెలలో మూడు వీడియోలు రికార్డు చేసి, విని, చెరిపేశాను. ఆకాశం వైపు చూడాలన్నా దిగులుగా ఉంటోంది. ఉన్న వీడియోలన్నీ తీసేసి ఇంతటితో ఆపేయాలా, లేక పట్టుదలగా వారానికి రెండు చొప్పున చేయాలా?

సమాధానం: రెండూ వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పే ముందు, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన వాక్యం గురించి మాట్లాడనివ్వండి. ‘ఆకాశం వైపు చూడాలన్నా దిగులుగా ఉంటోంది’ అన్నారు. వ్యూస్ తగ్గితే మళ్లీ పెరగవచ్చు, పెరగకపోనూ వచ్చు. కానీ ఛానెల్ పుట్టకముందు నుంచీ మీదైన ఆ ఇష్టం పోవడం చాలా పెద్ద నష్టం. ముందు దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇలా జరగడం మీ ఒక్కరి బలహీనత కాదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ‘బొమ్మ గీస్తే బహుమతి పత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, గీశాక ఇచ్చారు. ఇంకొందరికి అసలేమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత గమనిస్తే, బహుమతి వస్తుందని ముందే తెలిసి గీసిన పిల్లలు తమంతట తాముగా బొమ్మలు గీసే సమయం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో మాత్రం ఇష్టం అలాగే ఉంది. అంటే ఇష్టాన్ని చెడగొట్టింది బహుమతి కాదు, దాని కోసం గీస్తున్నామన్న ఎదురుచూపు. గ్రహణం వీడియోకు ముందు మీకు వచ్చిన వ్యూస్ అనుకోని బహుమతులు. ఆ వీడియో తర్వాత ప్రతి వీడియోకూ మీరు బహుమతి పత్రం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

అందుకని మొదటి పని ఇది. కొన్ని రాత్రులు కెమెరా లేకుండా, ఫోను ఇంట్లోనే వదిలేసి ఆకాశం చూడండి. ‘దీని మీద వీడియో చేస్తే’ అన్న ఆలోచన రాగానే చూపును మరో చుక్క మీదికి మళ్లించండి. ఎన్నాళ్లు అని అడగవద్దు. ఎవరినైనా పక్కకు పిలిచి ‘అదిగో చూడు’ అని చూపించాలని మీకు మీరుగా అనిపించేదాకా చూడండి. అలా పిలవాలనిపించడమే మీ ఛానెల్‌కు అసలు పెట్టుబడి.

ఇక ఆ గ్రహణం వీడియో సంగతి. అది మీ శిఖరమనీ, అక్కడి నుంచి జారిపోయారనీ మీరు అనుకుంటున్నారు. నాకు అలా కనిపించడం లేదు. గ్రహణం ముందు రోజుల్లో జనం దాని గురించి వెతుకుతారు. ఎన్ని గంటలకు, ఎక్కడ కనిపిస్తుంది, కళ్లతో చూడవచ్చా, ఇవే వాళ్లకు కావాలి. మీ వీడియో అప్పుడు వాళ్లకు అక్కరకొచ్చింది. గ్రహణం విడిచింది, వాళ్లు ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. సబ్‌స్క్రైబ్ చేసిన రెండు వేల మందిలో ఎక్కువమంది ఆ రాత్రి కోసం వచ్చినవాళ్లే తప్ప అశ్విని నుంచి రేవతి దాకా నేర్చుకోవాలని వచ్చినవాళ్లు కారు. వాళ్లు రాకపోవడాన్ని మీ మీద తీర్పుగా తీసుకోకండి.

దీన్ని పనికొచ్చేలా మార్చుకునే దారి కూడా ఉంది. 2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది. ఏటా ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతంలో పర్సీడ్ ఉల్కాపాతం ఉధృతంగా ఉంటుంది. ఆ గ్రహణం మీద వీడియో చేసినప్పుడు చివర్లో ‘పది రోజులాగి అర్ధరాత్రి దాటాక ఆకాశం చూడండి, రాలే చుక్కలు కనిపిస్తాయి’ అని చెప్పి, దానికీ ఒక వీడియో సిద్ధంగా ఉంచండి. ఒక్క రాత్రికి వచ్చిన మనిషికి రెండో రాత్రి ఉందని చెప్పాలి. మొదటిసారి మీరు చెప్పలేదు, అంతే.

అంకెల విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ఆత్మవిశ్వాసాన్ని రోజూ కొంచెం కొంచెంగా కోస్తున్నది అవే. కొత్త వీడియో పెట్టగానే యూట్యూబ్ స్టూడియో, అంటే ఛానెల్ లెక్కలు చూసుకునే చోటు, దాన్ని మీ ఇటీవలి పది వీడియోలతో పోల్చి ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. ‘పదిలో పదోది’ అని కనిపించినప్పుడు గుండె జారుతుంది. కానీ ఆలోచించండి, ఏ పది వీడియోలు తీసుకున్నా వాటిలో ఒకటి పదోది కాక తప్పదు. పదీ గొప్పగా ఉన్నా సరే. ఆ అంకె మీ పని ఎంత బాగుందో చెప్పేది కాదు. అలాగే, తమ ఛానెళ్లలోనూ వీడియోల్లోనూ సగం వాటికి థంబ్‌నెయిల్ (వీడియోకు ముందు కనిపించే చిన్న బొమ్మ) చూసి నొక్కేవారి శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. అంటే బాగా నడిచే ఛానెల్‌కు కూడా థంబ్‌నెయిల్ నూరుసార్లు కనిపిస్తే తొంభై సార్లు జనం నొక్కకుండానే ముందుకు పోతారు. వాళ్లెవరూ మిమ్మల్ని కాదనలేదు. ఆ క్షణంలో వాళ్లకు వేరే పని ఉంది.

స్నేహితురాలితో పోలికను మాత్రం ఈ రోజే మానేయండి. ఓర్పు గురించి ఉపదేశం చేయడానికి చెప్పడం లేదు, లెక్కే తప్పు కాబట్టి చెబుతున్నాను. ఆమె చేసేలాంటి చిన్న వీడియోలను యూట్యూబ్ షార్ట్స్ అంటుంది. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ వీడియో తెర మీద ఆడటం మొదలైతే చాలు, యూట్యూబ్ దాన్ని ఒక వ్యూగా లెక్కిస్తోంది. ఇంతసేపు చూడాలన్న నియమం లేదు, మళ్లీ ఆడితే మళ్లీ ఇంకొకటి. మీ ఎనిమిది నిమిషాల వీడియోకు వచ్చే వ్యూ వేరు, అది వేరు. ఆమె పని తక్కువని కాదు, ఆ పనికి కావలసిన ఒడుపు వేరు. మీ రెండు వందలనూ ఆమె లక్షనూ ఒకే తక్కెడలో వేసి మీరు ఓడిపోయానని తేల్చుకోవడం అన్యాయం, మీకూ ఆమెకూ కూడా.

వారానికి రెండు చేయాలా అన్న ప్రశ్నకు కూడా లెక్కే జవాబు చెబుతుంది. ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో జనం మీ బహిరంగ వీడియోలను 4,000 గంటలు చూసి ఉండాలి. షార్ట్స్ వరుసలో చూసిన సమయం ఇందులోకి రాదు. దానికి వేరే దారి ఉంది, 90 రోజుల్లో కోటి వ్యూస్. ఇప్పుడు మీ వీడియోను రెండు వందల మంది సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుందాం. అది 800 నిమిషాలు. వారానికొకటి చొప్పున ఏడాదికి 52 చేస్తే 700 గంటలకు కాస్త తక్కువ. వారానికి రెండు చేసినా 1,400 దాటదు. ఉద్యోగం చేస్తూ, నిద్ర మానుకుని, రెట్టింపు పని చేసినా గమ్యం దగ్గరికి కూడా చేరరు. ఈ లెక్క మిమ్మల్ని నిరాశపరచడానికి కాదు. మీరు చేయాల్సింది ఎక్కువ వీడియోలు కాదని చూపించడానికి. ఏ ఇంటి ఖర్చునూ ఈ ఆదాయం మీద పెట్టుకోకండి. ఆ బరువు లేకపోతేనే మీ చేతులు స్వేచ్ఛగా ఆడతాయి.

మరి చేయాల్సింది ఏమిటి? ఉత్తరంతో పాటు మీరు పంపిన మూడు పాత వీడియోలూ చూశాను. సప్తర్షి మండలం నుంచి ధ్రువ నక్షత్రాన్ని కనుక్కునే వీడియో గురించి వివరంగా మాట్లాడాలి. అందులో మూడో నిమిషం దాటాక మీరు తెల్ల కాగితం మీద ఏడు చుక్కలు పెట్టారు. వాటిలో పులహుడనే చుక్క నుంచి క్రతువనే చుక్క మీదుగా పెన్సిలుతో గీత లాగారు. ఆ రెండు చుక్కల మధ్య దూరాన్ని స్కేలు లేకుండా రెండు వేళ్లతో పట్టి, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఐదోసారికి వేలు ఆపి, ‘ఇక్కడ’ అన్నారు. ఆ ‘ఇక్కడ’ అనేటప్పుడు మీ గొంతు ఎంత నిబ్బరంగా ఉందో మీరు గమనించారా? ఆ ముప్పై సెకన్లు చూసిన ఎవరైనా ఆ రాత్రే బయటికి వెళ్లి ఉత్తర దిక్కును వెతుక్కుంటారు. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు.

కానీ ఆ ‘ఇక్కడ’ దాకా చేరడానికి చూసేవాళ్లు ఏం దాటాలో చూడండి. నమస్కారం. వీడియో ఆలస్యమైనందుకు క్షమాపణ. జలుబు చేసిందని, గొంతు బాగోలేకపోతే ఏమనుకోవద్దని ఇంకో క్షమాపణ. మైకు మంచిది కాదని మరొకటి. సబ్‌స్క్రైబ్ చేయమని అభ్యర్థన. ఇంతలో దాదాపు ఒక నిమిషం. తర్వాత సప్తర్షుల పుట్టుపూర్వోత్తరాలు రెండు నిమిషాలు. గ్రహణానికి ముందు చేసిన వీడియోలో ఈ క్షమాపణలు ఒక్కటీ లేవు. అందులో మీరు మొదటి వాక్యంలోనే ‘కృత్తికలు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి’ అన్నారు. ఎవరూ రారేమోనన్న భయం పట్టుకున్నాక, వచ్చిన కొద్దిమందికీ మీరు సంజాయిషీ ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు ఆ సంజాయిషీ వినలేక వెళ్లిపోతున్నారు. వాళ్లు వెళ్లిన కొద్దీ మీ భయం పెరుగుతోంది.

స్టూడియోలో ప్రతి వీడియోకు, ఏ క్షణం దాకా ఎంతమంది ఉన్నారో చూపే గీత ఒకటి ఉంటుంది. మిగతా అంకెలన్నీ కొంతకాలం చూడవద్దు గానీ, దీన్ని మాత్రం చూడమంటాను, అదీ వీడియో పెట్టిన వారం తర్వాత, ఒక్కసారి. గీత నిటారుగా పడిపోయిన చోట జనం వెళ్లిపోయారు. సమంగా సాగిన చోట కూర్చుని చూశారు. మధ్యలో పైకి లేచిన చోట వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. మీ పెన్సిలు గీత దగ్గర ఆ రేఖ ఎలా ఉందో చూడండి. అక్కడ అది లేచి ఉంటుందని నా నమ్మకం. అయితే వచ్చే వీడియోను అక్కడి నుంచే మొదలుపెట్టండి: కాగితం, ఏడు చుక్కలు, ‘ఈ రెండింటినీ కలపండి’. నమస్కారం కూడా ఆ తర్వాతే. పురాణం చెప్పాలనుకుంటే దారి చూపించాక చెప్పండి, అప్పుడు వింటారు. పేరులో కూడా జనం వెతికే మాటే ఉండాలి. ‘ధ్రువ నక్షత్రాన్ని కనుక్కోవడం ఎలా’ అని వెతికేవాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. గ్రహణం వీడియో లాగా ఒక్కరోజులో కాలం చెల్లేది కాదు ఇది.

ఇప్పుడు గొంతు సంగతి. ఆత్మవిశ్వాసం తిరిగొచ్చాక కెమెరా ముందు కూర్చుంటానని మీరు ఎదురుచూస్తున్నట్టున్నారు. అది అలా రాదు. ఫలానా పని నేను చేయగలను అన్న నమ్మకం మనిషికి ఎలా కలుగుతుందో 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరించాడు. తనలాంటివాళ్లు చేస్తుండగా చూడటం, ఇతరులు ధైర్యం చెప్పడం, ఆ సమయంలో ఒంటి స్థితి, వీటన్నిటికన్నా బలమైనది స్వయంగా ఆ పని చేసి పూర్తిచేసిన అనుభవమేనని ఆయన చెప్పాడు. అందుకే నేనిక్కడ ఎన్ని మంచి మాటలు రాసినా అవి మీ గొంతును బాగుచేయలేవు. ఒక చిన్న వీడియో పూర్తయితే అది చేయగలదు. మీరు చెరిపేసిన మూడు వీడియోలు చేసిన హాని కూడా ఇదే. మూడుసార్లు పని చేశారు, మూడుసార్లూ ‘నా వల్ల కాలేదు’ అన్న అనుభవాన్నే మిగుల్చుకున్నారు.

కాబట్టి పనిని చిన్నది చేయండి. ఎనిమిది నిమిషాలు వద్దు, మూడు చాలు. ఒక్క నక్షత్రం, ఒక్క గుర్తు. ముఖం చూపించనక్కర్లేదు, మీ చేతులూ కాగితమూ చాలు, నిజానికి అవే మీ బలం. గొంతు విడిగా రికార్డు చేయండి, నిలబడి మాట్లాడండి. ఎదురుగా కెమెరా కాకుండా, ఆకాశం గురించి మిమ్మల్ని ఎప్పుడైనా ప్రశ్న అడిగిన ఒక మనిషిని ఊహించుకుని ఆ మనిషికే చెప్పండి. రికార్డు చేసిన రోజున వినకండి. మాట్లాడి అలసిన చెవికి తప్పులే వినిపిస్తాయి. మర్నాడు వినండి, నక్షత్రం పేరో దిక్కో తప్పు చెప్పి ఉంటే సరిదిద్దండి. తడబాటు మాత్రమే ఉంటే అలాగే వదిలేసి పెట్టేయండి. చెరిపేయడం అన్నది మీ చేతిలో లేదని ముందే అనుకోండి. పెట్టాక వారం దాకా స్టూడియో తెరవకండి, ఫోనులో దాని నోటిఫికేషన్లు ఆపేయండి. ఇలా ఆరు చేయండి, మీకు వీలైన ఎడంతో. వీడియోల మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నదానికీ వ్యూస్ పెరుగుదలకూ సంబంధం కనిపించలేదని యూట్యూబే తన సహాయ పేజీల్లో చెప్పింది. ఆగితే, ఎవరికి ఏ వీడియో చూపాలో నిర్ణయించే అల్గారిదం శిక్షిస్తుందన్న భయంతో పరుగెత్తనక్కర్లేదు.

ఆ కామెంట్ పెట్టినాయన గురించి ఎక్కువ చెప్పను. ‘ధ్రువుడి దిక్కు మీరు చెప్పినట్టు లేదు’ అన్న కామెంట్‌కు జవాబు ఇవ్వాలి, దాని వల్ల మీ పని బాగుపడుతుంది. ‘మానేయండి’ అన్నదానిలో దిద్దుకోవడానికి ఏమీ లేదు. అలాంటివారి కామెంట్లు మీ ఛానెల్‌లో ఎవరికీ కనిపించకుండా చేసే ఏర్పాటు ఉంది, మొహమాటపడకుండా వాడండి. ఆరు వీడియోలు పూర్తయ్యేదాకా కామెంట్లు మీరు చదవకుండా, ఇంట్లో ఎవరైనా చదివి, ఆకాశం గురించి అడిగినవి మాత్రమే మీకు చెప్పేలా చూసుకుంటే ఇంకా మంచిది.

ఒక్క మాట మాత్రం అడగాలి. దిగులు ఆకాశం వరకేనా, లేక అన్నిటికీ పాకిందా? నిద్ర, ఆకలి దెబ్బతిని, ఏ పని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు మించి సాగుతుంటే ఈ సలహాలన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌ను కలవండి. అప్పుడు అది ఛానెల్ సమస్య కాదు.

ఆపేయాలా అన్న ప్రశ్నను ఆరో వీడియో తర్వాత మళ్లీ వేసుకోండి. అప్పుడు వ్యూస్ ఎన్ని వచ్చాయని చూడకండి, ఏడోది చేయాలని ఉందా అని చూసుకోండి. లేకపోతే ఆపేయండి, అందులో తలవంపులేమీ లేవు. ఆకాశాన్ని నలుగురు పిల్లలకు మేడ మీద చూపించవచ్చు, రాయవచ్చు. ఉంటే మాత్రం, రెండు వందల మందే చూసినా చేస్తారు మీరు, ఆ సంగతి మీకే తెలుస్తుంది.

పాత వీడియోలు మాత్రం తీసేయకండి. తొలగించినవి తిరిగి రావు. ప్రైవేటుగా మార్చినా, తొలగించినా వాటిని చూసిన గంటలు 4,000 లెక్కలోంచి తగ్గిపోతాయి. చూస్తే మనసుకు కష్టంగా ఉన్న ఒకటి రెండింటిని ప్రస్తుతానికి ప్రైవేటులో పెట్టండి, వాటిని ఎప్పుడైనా మళ్లీ బయటికి తేవచ్చు. ధ్రువ నక్షత్రం వీడియోను మాత్రం తీసేయవద్దు, ప్రైవేటులోనూ పెట్టవద్దు. దాని మొదటి మూడు నిమిషాలను స్టూడియోలోని ఎడిటరుతోనే కత్తిరించేయవచ్చు, వీడియో లింకూ వ్యూసూ అలాగే ఉంటాయి. ఈ వారం ఆ ఒక్క పని చేసి చూడండి.